కొసరు డబ్బా

సరుకులు అగ్గువకు దొరుకుతాయని కరీంనగర్ నుంచి బేగంబజార్ దాకా వెళ్లాను. కందిపప్పు తూకమయ్యాక, అలవాటుగా కొంగు పట్టి కొసరు అడిగాను. సేటు గుప్పెడు పప్పు తీసి, నా కొంగులో కాక, పక్కనున్న రేకుడబ్బాలో పోశాడు.

"ఏంది సేటూ, నా కొసరు గా డబ్బల పోస్తవ్?"

"ఫికర్ చెయ్యకు పెద్దమ్మా. బర్మా లడాయిల ఇండ్లు పోయి ఈడికొచ్చిన పిల్లలు బాలాపూర్ దిక్కు ఉన్నరు. మా గల్లీల కొసరంతా వాళ్ల కిచిడీకే పోతది."

నేను ఎన్నడూ కొసరు వదిలిన మనిషిని కాను. సంచి కింద పెట్టి నిలబడ్డాను.

"ఆకలి మీదున్న పిల్లలకు గుప్పెడేనా? దోసెడు పొయ్యి."

సేటు నవ్వుతూ దోసెడు పోశాడు. నా వెనకున్న ఆమె, "నా కొసరు గూడ దోసెడే," అంది.

కొసరు ఇంటికి తేకుండా నేను గెలిచిన బేరం అదొక్కటే.