ఎక్కడికి వెళ్ళిందో రాసే వెళ్ళింది

పోయిన చలికాలంలో మా అమ్మాయికి స్కూల్లో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. నాలుగు వందల ఏళ్ళ కిందట అమెరికా తీరంలో రోనోక్ అనే దీవిలో కాపురాలు పెట్టి, జాడ తెలియకుండా పోయిన ఇంగ్లీషువాళ్ళ గురించి రాయాలి. బేసింగ్‌స్టోక్‌లో మా ఇంట్లో డైనింగ్ టేబుల్ నిండా అట్టముక్కలూ జిగురూ పరుచుకుని కూర్చుంది. దానికి పదకొండేళ్ళు. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే ఇస్తుంది. నేను వంకాయలు తరుగుతూ వింటున్నాను.

ఆడా మగా పిల్లలూ కలిసి వంద మందికి పైనే ఆ దీవిలో దిగారట. వాళ్ళ నాయకుడు సరుకుల కోసం ఇంగ్లండుకు తిరిగి వచ్చాడు. కూతురినీ, పుట్టి పది రోజులైనా నిండని మనవరాలినీ అక్కడే వదిలి వచ్చాడు. త్వరగా వచ్చేస్తానన్నవాడికి యుద్ధం అడ్డం వచ్చి మూడేళ్ళు పట్టింది. తీరా వెళ్తే ఇళ్ళూ లేవు, మనుషులూ లేరు. ఒక గుంజ మీద మాత్రం దగ్గర్లోని ఇంకో దీవి పేరు చెక్కి ఉంది. చోటు మారితే ఎక్కడికి వెళ్ళేదీ చెక్కి పెట్టమని ఆయనే చెప్పి వెళ్ళాడు. ఆ దీవికి బయలుదేరబోతే తుఫాను పట్టుకుంది. ఓడ ఇంగ్లండుకు మళ్ళింది. ఆయన వాళ్ళను మళ్ళీ చూడలేదు.

"ఇందులో మిస్టరీ ఏముంది మమ్? ఎక్కడున్నారో రాసి పెట్టారుగా. ఆయనే వెళ్ళలేదు," అంది మా అమ్మాయి.

"తుఫాను వచ్చిందిగా తల్లీ."

"తుఫాను ఆగాక?"

పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను. అది అడిగింది ఆ పెద్దమనిషి గురించే. నాకు మాత్రం లీసెస్టర్‌లో నాతో ఒకే గదిలో ఉన్న అక్క గుర్తొచ్చింది.

నేను మాస్టర్స్ చదవడానికి గుంటూరు నుంచి వచ్చాను. ఆమెది కరీంనగర్. నాకంటే ఆరేళ్ళు పెద్ద. అప్పటికే చదువు ముగించి ఒక కేర్ హోంలో ముసలివాళ్ళను చూసుకునే పని చేస్తుండేది. వచ్చిన రెండో నెలలో నాకు విపరీతంగా జ్వరం వచ్చింది. ఎవరికీ చెప్పకుండా దుప్పటి కప్పుకుని పడుకున్నాను. అక్క షిఫ్టు నుంచి వచ్చి నా నుదురు ముట్టుకుని చూసింది.

"ఏందే, ఒళ్ళు ఇట్ల కాలిపోతుంటే చెప్పవా? లే, జీపీ డాక్టర్ దగ్గరికి పోదాం," అని నా కోటు తానే తొడిగి తీసుకెళ్ళింది. వారం రోజులు రోటాలో, అంటే డ్యూటీల పట్టికలో, షిఫ్టులు మార్చుకుని మరీ నాకు చారన్నం పెట్టింది.

చదువు అయ్యాక నాకు వాట్‌ఫర్డ్‌లో ఉద్యోగం వచ్చింది. సరిగ్గా అప్పుడే ఇంటి ఓనర్ ఇల్లు అమ్ముతున్నానని, రెండు నెలల్లో ఖాళీ చేయమని చెప్పాడు.

"రెండు వారాలు ఓపిక పట్టక్కా. ఇద్దరికీ సరిపోయే రూమ్ చూసి నేనే వచ్చి తీసుకెళ్తా," అన్నాను.

"నువ్వు పోయి కుదురుకో. నేనెక్కడికి పోత? ఈడనే ఉంట," అంది.

వాట్‌ఫర్డ్‌లో ఆఫీసువాళ్ళ ఫ్లాట్‌లో ఒక గది ఖాళీగా ఉందంటే చేరిపోయాను. అందులో ఒక్కరికే చోటు. ఆ మాట అక్కకు చెప్పడానికి మొహం చెల్లలేదు. ఆమె ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానని మెసేజ్ పెట్టేదాన్ని. కొన్నాళ్ళకు ఫోన్లు ఆగిపోయాయి. ఐదు నెలల తర్వాత నేను చేస్తే ఆ నంబరు పనిచేయడం లేదు. అప్పుడు భయమేసి శనివారం పొద్దున్నే లీసెస్టర్ రైలెక్కాను.

ఆ ఇంటి తలుపు ఒక గుజరాతీ ఆంటీ తీసింది. ఇల్లు కొనుక్కున్నది వాళ్ళే. నేను ఎవరో చెప్పగానే లోపలికెళ్ళి మడతపెట్టిన కాగితం తెచ్చింది.

"చెల్లెలు వస్తుంది, ఇవ్వమని చెప్పింది. ఇన్నాళ్ళా రావడానికి?" అంది హిందీలో.

కాగితం మీద తెలుగులో ఉంది: "చెల్లె, స్కెగ్నెస్‌ల కేర్ హోంల పని దొరికింది. ఉండుడు గూడ ఆడనే. మంచిగనే ఉన్న, పరేషాన్ గాకు. ఎప్పుడన్న రా, సముద్రం చూపిస్త." కింద కేర్ హోం పేరు, వీధి పేరు.

అక్కడి నుంచే బయలుదేరాను. నాటింగ్‌హామ్‌లో రైలు మారాలి. ఆ రోజు గాలివాన. తీరం వైపు వెళ్ళే రైళ్ళన్నీ రద్దు చేశారని బోర్డు మీద చూశాను. అప్పుడు నాకు ముందుగా కలిగింది బాధ కాదు, ఊరట. ఈ మాట చాలా ఏళ్ళు మా ఆయనకు కూడా చెప్పలేదు. వాన తగ్గేదాకా కూడా ఆగకుండా వాట్‌ఫర్డ్ తిరిగి వచ్చేశాను.

తర్వాతి వారం వెళ్దామనుకున్నాను. ఆ వారం ఏదో పని పడింది. ఆ తర్వాత పెళ్ళి, పాప, ఈ ఊరికి మారడం. కేర్ హోంకి ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. ఎంత ఆలస్యమైతే అంత సిగ్గు, ఎంత సిగ్గయితే అంత ఆలస్యం.

పిల్ల ప్రాజెక్టు ఇచ్చేసిన వారమే మా ఆయనతో స్కెగ్నెస్ వెళ్దామన్నాను. ఎందుకని ఆయన అడిగితే మొత్తం చెప్పాను. అప్పటికప్పుడే కారు తీశాడు.

కేర్ హోం ఉంది గానీ బోర్డు మీద పేరు మారింది. పాతవాళ్ళలో వంటగదిలో పనిచేసే ఒక పెద్దావిడ మాత్రమే మిగిలింది. ఫోన్‌లో ఫొటో చూపిస్తే వెంటనే గుర్తుపట్టింది.

"ఎందుకు తెలియదు? రెండేళ్ళు చేసింది. మా ముసలాళ్ళకు జలుబు చేస్తే ఏదో పుల్లటి సూపు కాచి ఇచ్చేది. వచ్చిన కొత్తలో ప్రతి ఆదివారం సెలవు కావాలని రోటా మార్పించుకునేది, చెల్లెలు వస్తుందని. తర్వాత అడగడం మానేసింది."

"ఇప్పుడెక్కడుంది?"

"తెలియదమ్మా. పని మానేసి వెళ్ళింది. ఈసారి ఎవరికీ అడ్రస్ ఇవ్వలేదు."

నా నంబరు ఒక కాగితం మీద రాసి ఇచ్చాను, ఎప్పుడైనా అక్క ఫోన్ చేస్తే చెప్పమని. ఆవిడ దాన్ని ఏప్రాన్ జేబులో పెట్టుకుంది. మాట్లాడినంతసేపూ అక్కను ఏదో పొట్టి ఇంగ్లీషు పేరుతో పిలుస్తూనే ఉంది. అక్కడ అందరూ అలాగే పిలిచేవాళ్ళట. వెళ్ళబోతూ ఆగి అక్క అసలు పేరు చెప్పాను. ఆవిడ రెండుసార్లు తడబడి, మూడోసారి సరిగ్గానే పలికింది.