సగం గ్లాసు మావయ్య

మా మావయ్యకి సిగరెట్టు అలవాటు లేదు. పేకాట లేదు. అబద్ధాలు కూడా మోతాదు మించి ఆడడు. ఆయనకి ఉన్నదల్లా ఒక్కటే దురలవాటు. మంచినీళ్ల గ్లాసు సగంలో వదిలేస్తాడు. వదిలేసినవాడు దాన్ని వంటింట్లోనైనా పెట్టడు. మెట్లలో కింది నుంచి రెండోదాని మీద ఒకటి, కిటికీ కింద పొట్టిబల్ల మీద ఒకటి, కుట్టుమిషను పక్కనున్న పీట మీద ఒకటి. మా ఇంట్లో స్టీలు గ్లాసు కనిపించకపోతే వంటింట్లో వెతకం, మావయ్య నడిచిన దారిలో వెతుకుతాం.

మావయ్య అంటే మా అమ్మకి తమ్ముడు. దర్జీ. మా ఇంటి ముందుగదే ఆయన దుకాణం. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, పెదవుల మధ్య రెండు గుండుసూదులు. ఆ సూదుల పుణ్యమా అని మాటలు తక్కువ. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే కొలతలు కుదరలేదంటాడు. అమ్మ ఆయనకన్నా ఆరేళ్లు పెద్దది. ఆ ఆరేళ్లనీ అడ్డం పెట్టుకుని జీవితమంతా ఆయన్ని తిడుతూనే ఉంది.

నా చిన్నతనంలో మా ఇంట్లో నేల చూసుకుని నడవాల్సి వచ్చేది. ఆఫీసుకి బయల్దేరే హడావిడిలో నాన్న మేజోడు కాలితో గ్లాసుని తన్నని వారం లేదు. తడిసిన మేజోడు విప్పుతూ ఆయన ఒక్క మాటా అనేవారు కాదు. అమ్మ వైపు చూసేవారంతే. బావమరిదిని ఏమంటారు పాపం. అమ్మ ముందుగది వైపు తిరిగి తిట్లు అందుకునేది.

ఈ రోగానికి అమ్మ చెయ్యని వైద్యం లేదు. గ్లాసు పెద్దదవడం వల్ల మిగుల్చుతున్నాడేమోనని చిన్న గ్లాసులు కొంది. చిన్న గ్లాసుల్లో సగాలు మిగిలాయి. ఒకరోజు ఎదురుగా నిలబడి తాగమంది. మావయ్య సూదులు తీసి, గ్లాసెత్తి, ఆఖరి చుక్క దాకా తాగి, బోర్లించి చూపించి, మీసం మీద ముంజేత్తో తుడుచుకుని, "హమ్మయ్య" అన్నాడు. నీళ్లు తాగితే చాలు, ఏదో పెద్ద బాధ్యత తీరినట్టు అలా అనడం ఆయన అలవాటు. అమ్మ గెలిచానన్న సంబరంతో లోపలికెళ్లి, పొయ్యి మీద పాలు దించి వచ్చేసరికి రెండో మెట్టు మీద సగం గ్లాసు ఉంది.

"ఇదెక్కణ్ణించి వచ్చిందిరా?"

"దాహమేసింది అక్కా."

"మరి తాగు."

"తీరిపోయింది."

అప్పటినుంచే ఆయనకి సగం గ్లాసు మావయ్య అని పేరు. వీధిలో కొందరు జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చి, 'సగం గ్లాసుగారు ఉన్నారా' అని నన్నే అడిగేవారు.

చివరికి నాకు ఏడేళ్లు, తమ్ముడికి ఐదేళ్లు వచ్చిన ఏడు అమ్మ ఒట్టు పెట్టింది. ఇంకొక్క సగం గ్లాసు కనిపిస్తే ఈ ఇంట్లో నీకు కాఫీ లేదంది. మర్నాడే గ్లాసులు మాయమయ్యాయి. అంత మొండి రోగం ఒక్క మాటతో కుదిరిందంటే అమ్మకే నమ్మకం కుదరలేదు. ఆ తరవాత ఇరవై ఏళ్లు, ఏ ఇల్లాలు మొగుడి గురించి చెప్పుకుని ఏడ్చినా కాఫీ ఆపమనేది. ఎన్ని కాపురాలు ఆ సలహాతో చెడ్డాయో నాకు తెలియదు.

నాకు పెళ్లయింది. మా ఆయన బళ్లో డ్రాయింగు మాస్టారు. నేను లైబ్రరీలో పని చేస్తాను. అమ్మావాళ్లింటి పై వాటాలోనే ఉంటాం కాబట్టి మా అమ్మాయి పగలంతా అమ్మ దగ్గరే. దానికి పెట్టిన అసలు పేరు టీకాల కార్డులో ఉంది. ఇంట్లో అందరికీ అది బుడంకాయే.

బుడంకాయకి ఏడాదిన్నర నిండగానే మావయ్య రోగం తిరగబెట్టింది. ఒక పొద్దున అమ్మ చీపురు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడిపోయింది. రెండో మెట్టు మీద సగం గ్లాసు. ఇరవై ఏళ్ల తరవాత ముద్దాయి మళ్లీ దొరికినట్టు దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, "ముసలితనం వచ్చేసిందే వీడికి" అంది. ఆ గొంతులో దిగులెంతో, పాత పని మళ్లీ దొరికిన ఉత్సాహమెంతో నేను చెప్పలేను.

నాకు నవ్వే ఓపిక లేదు. ఆ రోజుల్లో నా బాధ వేరు. బుడంకాయ నీళ్లు తాగేది కాదు. పాలు ఎన్నిసార్లిచ్చినా తాగేది. నీళ్ల గ్లాసు కనిపిస్తే మాత్రం పెదవులు బిగించి, మొహం తిప్పేసుకునేది. దానికి ముందుగా స్పష్టంగా వచ్చిన మాట 'అమ్మ' కాదు, 'వద్దు'. ఫలితంగా మూడు నాలుగు రోజులకోసారి గాని దొడ్డికి వెళ్లేది కాదు. వెళ్లిన రోజు నా మెడ పట్టుకుని, కాళ్లు వణికిపోయేలా ఏడ్చేది. అంత చిన్న ప్రాణం అంత బాధపడుతుంటే చూస్తూ నిలబడడం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. పాలు తగ్గించమంది. పళ్ల ముక్కలు పెట్టమంది. తిండి పెట్టినప్పుడల్లా రెండు గుక్కలు నీళ్లు చూపించమంది గాని నోరు నొక్కి పొయ్యొద్దంది. తీపి కలిపి అలవాటు చెయ్యొద్దంది. నెల రోజులు చూసి, అప్పటికీ తగ్గకపోతే పరీక్షలు చేయించి మందు మొదలుపెడదామంది. పరీక్షలనగానే దాని చిన్న చేతికి సూదులు కనిపించి నాకు నిద్ర పట్టలేదు.

ఇక మా దండయాత్ర మొదలైంది. మా ఆయన సీసా మీద రంగుల్లో ఎలుగుబంటి బొమ్మ వేశాడు. ఎలుగుబంటి దాహంతో ఏడుస్తోందని కథ చెప్పాడు. గొట్టం ఉన్న కప్పు, చెవులున్న కప్పు, ఊదితే ఈల వేసే కప్పు తెచ్చాడు. ఈల వేసే కప్పు ఆయనకి నచ్చింది. నేను పాట పాడాను, బతిమాలాను. అమ్మ చెంచాలో నీళ్లు పోసి ఇల్లంతా దాని వెనక తిరిగి, మోకాళ్ల నొప్పులు తెచ్చుకుంది. బుడంకాయ మా ముగ్గురినీ దయగా చూసి, "వద్దు" అంది. మావయ్య మాత్రం ఇదేదీ పట్టనట్టు మిషను తొక్కుకుంటూ, నడుమ నడుమ లేచి గ్లాసుల్లో నీళ్లు పట్టుకుంటూ, ఎక్కడివక్కడ వదిలేస్తూ ఉండేవాడు. ఇంట్లో పిల్ల ఇంత ఇబ్బంది పడుతుంటే ఈయన అలవాటు ఈయనదే అని నాకు కొంచెం కష్టం కూడా కలిగింది.

రెండు వారాలయ్యేసరికి బుడంకాయ బాధ సర్దుకుంది. రోజు విడిచి రోజు, ఏడుపు లేకుండా పని జరిగిపోతోంది. ఎలుగుబంటి సీసా సాయంత్రానికల్లా ఖాళీ అవుతోంది. మా ఆయన ఆ ఎలుగుబంటిని ఎవరొచ్చినా చూపించేవాడు. దానికి పేటెంటు తీసుకోవాలనుకున్నాడు గాని ఎక్కడ తీసుకోవాలో తెలియక ఊరుకున్నాడు.

ఒక్కటే చిక్కు. బుడంకాయ కోసం కాచి చల్లార్చి మూతపెట్టిన నీళ్లు మధ్యాహ్నానికే అయిపోతున్నాయి. సీసాలో పోసినవి పోగా కూడా గిన్నెలో చాలా మిగలాలి. దొంగ ఎవరో అమ్మ రెండు రోజుల్లో కనిపెట్టి చెప్పింది. "అన్నీ మీ మావయ్యే తాగేస్తున్నాడే. తాగినా బాగుండును. సగం తాగడం, కాసేపయ్యాక మిగతాది కిటికీలో క్రోటన్ మొక్కకి పొయ్యడం, మళ్లీ పట్టుకోవడం."

శనివారం మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు అది నా కంటనే పడింది. మావయ్య చేతులు సబ్బుతో కడుక్కుని, బుడంకాయ గిన్నె మూత తీసి నీళ్లు ముంచుకుంటున్నాడు. వారం రోజుల అలసటంతా నా నోట్లోకి వచ్చింది. పసిపిల్ల నీళ్లు కూడా మిగల్చవా అన్నాను. ఇంట్లో కుండ లేదా, కుళాయి లేదా అన్నాను. ఇల్లంతా గ్లాసులేంటి, ఇది ఇల్లా, హోటలా అన్నాను. ఇంకేవేవో అన్నాను గాని అవి రాయను.

మావయ్య మూత జాగ్రత్తగా పెట్టేశాడు. "సరేలే అమ్మడూ" అన్నాడు. అంతే. ఆ సాయంత్రానికి ఇంట్లో ఒక్క సగం గ్లాసు లేదు. నేను కాఫీ కూడా ఆపకుండానే సాధించానని అమ్మ కొంచెం చిన్నబుచ్చుకుంది.

నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు పొద్దున బుడంకాయ మళ్లీ నా మెడ పట్టుకుని ఏడ్చింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. సీసా మాత్రం రోజూ ఖాళీ అవుతూనే ఉంది. డాక్టరమ్మ ఇచ్చిన గడువుకి ఇంకో వారమే ఉంది. లైబ్రరీకి సెలవు పెట్టి, దాన్ని అమ్మ దగ్గర వదిలి, చాటు నుంచి చూస్తూ కూర్చున్నాను.

ముందు ఎలుగుబంటి రహస్యం తేలింది. బుడంకాయ సీసా బోర్లించి తన గుడ్డబొమ్మకి తలంటు పోసి, తడి బొమ్మని మంచం కిందకి తోసేసింది. పేటెంటు తీసుకోకపోవడమే మంచిదయింది.

తరవాత లేచి మెట్ల దగ్గరికి వెళ్లింది. రెండో మెట్టు మీద చెయ్యి పెట్టి చూసింది. ఏమీ లేదు. కిటికీ కింద పొట్టిబల్ల దగ్గరికి వెళ్లింది. మునివేళ్ల మీద లేచి చూసింది. ముందుగదిలోకి వెళ్లి పీట చుట్టూ తిరిగి, దాని కిందకి కూడా వంగి చూసింది. అక్కడే చతికిలబడి మావయ్య వైపు చూసింది. మావయ్య మిషను ఆపి, తల దించుకుని సూదిలో దారం ఎక్కించుకుంటున్నాడు. ఎక్కిన దారమే మళ్లీ తీసి ఎక్కిస్తున్నాడు.

మెట్టు, బల్ల, పీట. ఈ మూడూ బుడంకాయ చేతికందే ఎత్తే. ఈ మాట ఇన్నాళ్లూ నాకు తట్టనందుకు సిగ్గేసింది. తలెత్తి చూస్తే మావయ్య వెనక ఎత్తు అరలో గుండీల డబ్బా, కత్తెర, సూదుల పెట్టె ఉన్నాయి. పిల్ల నడక నేర్చిన రోజున పైకెక్కించినవి. వాటి పక్కన ఆయన సొంత గ్లాసు. లోపలికెళ్లి దించి చూశాను. చుక్క లేకుండా తాగేశాడు.

"మావయ్యా, నీ గ్లాసు పూర్తిగానే తాగుతావన్నమాట."

"దాహమేస్తే ఎవరైనా తాగుతారు కదమ్మడూ."

"మరి ఆ సగం గ్లాసులు?"

"అవి నేను తాగి వదిలేసినవి కావు. మూతి పెట్టనివి. సగమే పోసి పెట్టినవి. నిండా పోస్తే మీద ఒంపుకుంటుంది." సూదులు తీసి గుడ్డకి గుచ్చాడు. ఆయన అంత పొడుగు మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. "ఇస్తే తాగరు పిల్లలు. దొరికితే తాగుతారు. నేను నా గ్లాసు ఎత్తితే అది దాని గ్లాసు ఎత్తుతుంది. నువ్వూ అంతే. నీ తమ్ముడూ అంతే. మీ ఇద్దరూ కుండలో మీ అంతట మీరే ముంచుకోవడం మొదలెట్టాక నేను మానేశాను."

అమ్మ కాఫీ వైద్యానికున్న ఇరవై ఏళ్ల కీర్తి అక్కడికక్కడే పోయింది. నాన్న తడిపిన మేజోళ్లన్నీ నా మూలంగా తడిసినవేనని కూడా తేలింది. మొన్న నేనన్న మాటలు గుర్తొచ్చి, ఆయన గ్లాసు జాగ్రత్తగా మళ్లీ అరలో పెట్టేశాను. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆ నాలుగు రోజులైనా చెప్పి ఉండొచ్చు కదా అన్నాను.

"చెబుదామనే అనుకున్నాను. రేపు చెబుదాం, రేపు చెబుదాం అని ఆగిపోయాను. చెబితే మీరంతా గ్లాసు పక్కన నిలబడి తాగిందా లేదా అని చూస్తారు. ఇక తాగినట్టే." గొంతు తగ్గించి, "మీ అమ్మకి మాత్రం ఎప్పటికీ చెప్పకు. అక్క కేకలేస్తేనే అది ముట్టుకోకూడని గ్లాసని దానికి తెలుస్తుంది, అప్పుడే ముట్టుకుంటుంది. ఆ తిట్లు కూడా వైద్యంలో భాగమే" అన్నాడు.

నేను వంటింట్లోకి వెళ్లి చేతులు కడుక్కున్నాను. గిన్నె మూత తీసి ఒక గ్లాసులో రెండు వేళ్ల లోతు నీళ్లు పోశాను. ఇంకో గ్లాసు నాకు పోసుకున్నాను. మెట్ల దగ్గరికి వచ్చి, బుడంకాయ చూసీ చూడనట్టుండగా నా నీళ్లు తాగి, రెండో గ్లాసు రెండో మెట్టు మీద పెట్టి, ఏదో మర్చిపోయినదానిలా పక్కగదిలోకి వెళ్లిపోయాను.

అమ్మ కంట పడనే పడింది. "నీకూ వచ్చిందా మీ మావయ్య రోగం? తాగితే తాగు, లేకపోతే పారబొయ్యి. ఈ సగాలేంటే మన వంశంలో?" అని మోకాళ్లు పట్టుకుని కూర్చున్నచోటి నుంచే మొదలుపెట్టింది. ముందుగదిలో మిషను చప్పుడు ఆగింది.

తలుపు సందులోంచి చూశాను. బుడంకాయ అమ్మమ్మ వైపు ఒకసారి చూసింది. అటు మావయ్య వైపు ఒకసారి చూసింది. రెండు చేతుల్తో గ్లాసెత్తి, మొహం అందులో పెట్టి గటగటా తాగేసింది. గ్లాసు బోర్లించి చూసుకుంది. లేని మీసాన్ని ముంజేత్తో తుడుచుకుని, "అమ్మయ్య" అంది.

ముందుగదిలో మిషను మళ్లీ మొదలైంది.