మంట ఒక్కటే తెలుస్తుంది

మా పక్కింటి పెయింటరు ముప్పై ఏళ్లు కార్లకు రంగు కొట్టాడు. రంగు ఆరిందో లేదో మాస్కు తీసి, వాసన చూసి చెప్పేవాడు. ఆ అలవాటే ముక్కుకు వాసననూ, దాంతోపాటు నాలుకకు రుచినీ తెలియకుండా చేసింది. అందుకే అన్నంలో ఘాటైన మిరపకాయ సాసు కుమ్మరించుకుంటాడు.

కడుపులో పుండుంది, కారం మానాల్సిందేనని డాక్టరు చెప్పాక భార్య సీసా దాచేసింది. మూడు రోజులుగా అతను కంచం తోసేస్తున్నాడు.

"మీరేమన్నా చిన్నపిల్లాడా? తినండి!"

"ఏం తినమంటావే? దూది నమిలినట్టుంది. మంటొక్కటేగా నాకు తెలిసేది!"

ఆమె సీసా తెచ్చి, తన చేత్తోనే నాలుగు చుక్కలు వేసింది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి, ముఖం వెలిగింది.

"కూర ఎలా ఉంది?" అలవాటుగా అడిగింది.

"బాగా మండుతోందే," అన్నాడు, ఇంకో ముద్ద కలుపుకుంటూ.