ఐసు నీళ్ళ పరీక్ష

తడి తువ్వాలు కొస తగిలినప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయి, వీధిలో మరమగ్గాలన్నీ ఆగిపోయాయి. మా ఆయన చొక్కా విప్పి చాప మీద పడుకొని ఉన్నాడు. చెమట తుడుద్దామని వంగాను. తువ్వాలు పొట్టమీద సరిగ్గా ఆననైనా లేదు, నిప్పు పడ్డట్టు ఎగిరి లేచి గోడకు ఆనుకున్నాడు.

"ఏమైంది బావా?"

"ఏం లేదు, చక్కిలిగిలి."

ముఖం మాత్రం చక్కిలిగిలి పుట్టిన మనిషి ముఖంలా లేదు.

కడుపునొప్పి మాకు కొత్త కాదు. నాలుగేళ్ళుగా ఉంది. అన్నం తిన్న కాసేపటికి మొదలై వీపులోకి పాకేది. ముందుకు వంగి కూర్చుంటే కాస్త తెరిపి. స్కానింగులో క్లోమంలో రాళ్ళున్నాయని తేలింది. ఆ మాట వినగానే మా ఊరు నగరిలో ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్న ఒక్కటే, "తాగుతాడా?" తాగడు. తాగనివాళ్ళకూ వస్తుందని డాక్టర్లు చెప్పిన మాటే నేను బజారులో పదిమందికి చెప్పలేక చచ్చాను. కానీ అన్నాళ్ళూ ఆ నొప్పి లోపలే ఉండేది. ఆ ఆదివారం చర్మం మీదికి వచ్చింది.

తిరుపతిలో మమ్మల్ని చూస్తున్న పెద్ద డాక్టరు అప్పటికే ఆపరేషన్ మాట ఎత్తాడు. పొట్ట కోసి, రాళ్ళు తీసి, మూసుకుపోయిన నాళాన్ని పేగుకు కలుపుతారట. అక్కడే పరిశోధన చేస్తున్న కుర్ర డాక్టరొకాయన, "దానికి ముందు ఒకసారి నా దగ్గరికి రండి" అన్నాడు. ఏళ్ళ తరబడి నొప్పి పడితే కొందరికి నరాలు అదుపు తప్పుతాయట, చిన్న తాకిడికే పెద్ద కేక పెడతాయట. అలాంటివాళ్ళకు రాళ్ళు తీసినా నొప్పి పూర్తిగా పోకపోవచ్చు. ముందు నరాల మాత్రలు వాడి చూడటం మేలేమో. ఎవరు ఏ రకమో తెలుసుకోవడానికే ఆయన పరీక్ష.

"ఇది ఇంకా అంచనానే అమ్మా. అయినా ఏమీ తెలియకుండా కొయ్యడం కంటే నయం కదా."

నేను బీయస్సీ చదివాను, ఆయన చెప్పింది అర్థమైంది. మా ఆయనకు పరీక్ష అన్న మాట ఒక్కటే అర్థమైందని నాకు అప్పుడు తెలియలేదు.

పరీక్ష రోజు మా మరిది తోడు వచ్చాడు. గదిలో మా ఇద్దరికీ గోడ పక్కన కుర్చీలు వేసి, "మీరు మాట్లాడకూడదు. నొప్పి ఎప్పుడు మొదలైందో ఆయనే చెప్పాలి" అన్నాడు డాక్టరు. బ్రష్షు వెంట్రుకలాంటి నైలాను పోగుతో చేతిమీద, తొడమీద, పొట్టమీద, వీపుమీద పొడిచాడు. తర్వాత రబ్బరు మొన ఉన్న చిన్న యంత్రంతో నొక్కాడు.

"నొప్పా?"

"లేదు సార్."

"ఇప్పుడు?"

"ఏం లేదు సార్, నొక్కండి."

మా మరిది ఉండబట్టలేకపోయాడు. "మా అన్న అగ్నిగుండం తొక్కినోడు సార్. ద్రౌపదమ్మ తిరునాళ్ళలో ప్రతి ఏడూ తొక్కుతాడు. దీనికంతా కదిలే మనిషి కాదు."

డాక్టరు నవ్వి నోటిమీద వేలు పెట్టుకున్నాడు. నేను మా ఆయన కాళ్ళ వేళ్ళనే చూస్తున్నాను. పొట్టమీద నొక్కిన ప్రతిసారీ అవి దుప్పటిని పట్టి మెలిపెడుతున్నాయి. నోరు తెరిచాను. డాక్టరు చెయ్యెత్తి ఆపాడు. ఆగిపోయినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

చివరికి ఐసు ముక్కలు వేసిన బకెట్టులో చెయ్యి పెట్టి, ఓర్చుకోలేనప్పుడు తీసెయ్యమన్నాడు. మా ఆయన తియ్యలేదు. టైము అయిపోయిందని డాక్టరే తీయించాడు.

"నరాలు మామూలుగానే ఉన్నట్టున్నాయమ్మా. మాత్రలతో పెద్ద ప్రయోజనం ఉండకపోవచ్చు."

"ఇంట్లో తువ్వాలు తగిలినా ఓర్చుకోలేడు సార్" అన్నాను.

"అది చక్కిలిగిలి సార్" అన్నాడు మా ఆయన.

డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కాగితం మీద సంతకం పెట్టాడు. అది పెద్ద డాక్టరు చేతికి పోతే ఇక ఆపరేషనే.

బస్సు కదిలాక మా ఆయన ముఖం వెలిగిపోతోంది. "సూసినావా, ఆ డాక్టరే ఇంక చాలన్నాడు."

"ఆడ నిన్ను ఓర్చుకోమని ఎవురు చెప్పినారు?"

"పరీచ్చ అంటే మరి?"

"నొప్పి యాడ పుడతాదో చెప్పమంటే రాయి మాదిరి కూర్చున్నావు. రేపు కడుపు కోసినాక కూడా నొప్పి పోకుంటే ఎవురిని అడిగేది?"

"తమ్ముడి ముందర అబ్బా, అమ్మా అనమంటావా?"

"వదినా, బస్సంతా మనల్నే సూస్తా ఉండారు" అన్నాడు మరిది.

"సూడనీ."



ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక డాక్టరుకు ఉత్తరం మొదలుపెట్టాను. తువ్వాలు. చొక్కా అంచు. చిన్నది ఒళ్ళో కూర్చోబోతే పక్కకు జరపడం. మా ఆయన వెనక నిలబడి చదువుతున్నాడని తెలుసు. గొడవకు సిద్ధంగానే ఉన్నాను.

"మొలతాడు కూడా రాయి" అన్నాడు.

తిరిగి చూశాను. లుంగీ అంచు కాస్త దించి చూపించాడు. నడుము చుట్టూ ఉండాల్సిన నల్లతాడు లేదు.

"తీసేసి మూన్నెల్లయింది. తగిల్తే సూదులు గుచ్చినట్టుంటాది."

మా వైపు పెళ్ళాం పోయిన మగవాడికే మొలతాడు తెంపుతారు. నేను బతికుండగానే దాన్ని తీసేసి, నాకూ మా అత్తకూ తెలియకుండా లుంగీ పైకి లాక్కుంటూ తిరిగాడు. నొప్పి పేరు చెప్పి వసారాలో పడుకుంటున్నాడు కాబట్టి నేనూ గమనించలేదు. నాకు ఒళ్ళు మండింది. తాడు తీసినందుకు కాదు. అంత బాధను, దాని గురించి అడగడానికే కూర్చున్న మనిషి ముందు మింగేసినందుకు.

"మాయమ్మకు చెప్పొద్దు."

"అత్తకు చెప్పను. డాక్టరుకు నువ్వే చెప్పాల. మీ తమ్ముడు రాడు. నేను కూడా గది బయటే కూర్చుంటా."

 లుంగీ సర్దుకుంటూ, "గురువారం అయితే మగ్గానికి సెలవు పెడతా" అన్నాడు.

పొద్దున బడికి జడ వేయించుకుంటూ చిన్నది అడిగింది. "నాయన పరీక్ష పాసయినాడా?"

"తప్పినాడు. మళ్ళా పోతాడు."

"సదవలేదా?"

"ఓర్చుకోకూడని పరీక్షలో ఓర్చుకున్నాడు."

అది పకపకా నవ్వింది. పెద్దవాడు నవ్వలేదు. "ఈసారి పాసయితే నొప్పి పోతాదా?"

పోతుందనే మాట నోటిదాకా వచ్చింది. ఆ ఇంట్లో అబద్ధాలు అప్పటికే చాలయ్యాయి.

"తెలీదురా" అన్నాను. "ఏ మందు వెయ్యాలో తెలుస్తాదేమో. గురువారం మేం వచ్చేసరికి పొద్దుపోతాది. అవ్వ ఏం పెడితే అది తినండి."