దిష్టితో పోయిన తప్పుల మూట

మొన్న మా మనవరాలు మంచం మీద బోర్లా పడుకుని ఫోన్లో పరీక్ష రాస్తోంది. అసలు పరీక్ష కాదట, దానికి ముందు అలవాటు కోసం రాసుకునేదట. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. రాయడం అయ్యేసరికి ఫోను నిండా ఎర్ర గుర్తులు. "అయ్యో, అన్నీ తప్పులేనే! తుడిచెయ్యి, మీ నాన్న చూస్తాడు" అన్నాను. అది పకపకా నవ్వింది. "తుడవకూడదు నానమ్మా. తప్పులన్నీ ఇదే దాచి పెడుతుంది. పరీక్ష ముందు అవే చూసుకోవాలి." నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఆ మాట నేను ఇదివరకే విన్నాను. విని కూడా మంటలో వేశాను.

రాయపూర్ ఛత్తీస్‌గఢ్‌కి రాజధాని అయిన కొత్తలు. ఆ ఊళ్లోనే మోవా పేటలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. మామగారి కాలంలో సికాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ, కోపమొస్తే రెండూ కలిపి. నేను చదివింది ఐదు, అదీ తెలుగు బళ్లో. హిందీ అక్షరాలు నాకు ఇప్పటికీ తీగ మీద ఆరేసిన బట్టల్లాగే కనిపిస్తాయి. కానీ చెవిన పడిన మాట మాత్రం పోదు. ఎవరు ఏ పెళ్లిలో ఏ కూర బాగాలేదన్నారో కూడా చెప్పగలను. ఈ గుణం వల్ల చుట్టాల్లో నాకు మంచి పేరేమీ లేదు.

మా ఆడపడుచు మొగుడు రైల్వేలో గుమాస్తా. కామెర్లొచ్చి పదిహేను రోజుల్లో పోయాడు. ఇరవై ఆరేళ్ల పిల్ల, ఒక ట్రంకు పెట్టెతో మా ఇంటికొచ్చేసింది. మొగుడు పోయినందుకు ఉద్యోగం ఇస్తామన్నారు గానీ, దానికో రాత పరీక్ష. పాసైతే ఆఫీసులో కుర్చీ. తప్పితే బోగీలు కడిగే పని. ఒక్కసారే రాయనిస్తారు. చిన్నప్పట్నించీ దుమ్ము పడని పిల్ల, చీపురు పట్టుకుంటే పది తుమ్ములు తుమ్మేది. అందుకే ఇంటిల్లిపాదికీ ఆ కుర్చీ మీదే ప్రాణం.

మా వీధి చివర పింఛను తీసుకునే మాస్టారు ఒకాయన, ఛత్తీస్‌గఢీ మనిషి, ఆదివారం ఆదివారం ఆమె చేత ఒక పేపరు రాయించేవారు. ఎర్ర సిరాతో దిద్ది, "సహీ వాలే భూల్ జా బేటీ, గలత్ వాలే సంభాల్ కే రఖ్" అనేవారు. ఒప్పులు మర్చిపో, తప్పులు జాగ్రత్త చేసుకో అని. ఈమె తప్పు రాసిన ప్రతి ప్రశ్ననీ విడి కాగితం మీద ఎక్కించి, ఎర్ర గుర్తు పెట్టి, ఎందుకు తప్పిందో కింద రాసుకునేది. వంటింట్లో నా దగ్గర కూర్చుని పైకి చదివేది.

"చూడు వదినా, రైలు వంతెన దాటే లెక్క. వంతెన పొడవొక్కటే వేశాను. రైలు పొడవు కూడా కలపాలట."

"కలపొద్దా మరి? ఇంజను దాటేస్తే అయిపోయిందా? వెనకాల అంత తోక ఉంటేను!"

మొగుడు పోయాక మొదటిసారి నవ్వింది. ఆ కాగితం కింద 'తోక' అని రాసుకుంది. అలా రాసినవన్నీ దారంతో కట్టి ట్రంకులో పెట్టేది. ఆఖరి వారం ఆ మూట ఒక్కటే చదువుతానంది.

పరీక్ష నాలుగు రోజుల్లో ఉందనగా మొగుడి సంవత్సరీకానికి మందిర్ హసౌద్‌లో అత్తవారింటికి వెళ్లింది. ఆ పూట మా అత్తగారు మడత చీర కోసం ట్రంకు తీస్తే మూట బయటపడింది. కాగితం కాగితానికీ ఎర్ర గుర్తు. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "ఇదేమిటే, పరీక్ష ముందు ఇంట్లో ఇన్ని తప్పులు దాచుకుంటుందా? ఇంక దానికి కలిసొచ్చేదెలాగే?" అవి కావాల్సినవని నాకు తెలుసు. తెలిసీ, అత్తగారు చదువు రానిదాన్ని నన్ను అడిగారే అన్న గర్వమో, భయమో, "నిజమే అత్తయ్యా" అన్నాను. ఆ ఒక్క మాటా అనకుండా ఉండాల్సింది.

సాయంత్రం పిల్ల రాగానే వాకిట్లో తూర్పుముఖంగా కూర్చోబెట్టారు. ఉప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు ఆ కాగితాల్లోనే పొట్లాలు కట్టి నా చేతికిచ్చారు. నేనే మూడుసార్లు తిప్పాను. పాపం, కళ్లు మూసుకుని బుద్ధిగా కూర్చుంది. బొగ్గుల సిగ్డీలో వేస్తే భగ్గున లేచాయి. ఒక్క దగ్గు రాలేదు, ఒక్క తుమ్ము రాలేదు. "చూశావా, ఘాటే లేదు! ఎంత దిష్టి ఉందో!" అని అత్తగారు సంతోషపడ్డారు.

కాసేపటికి లోపల ట్రంకు మూత చప్పుడైంది. "వదినా, నా మూటేదీ?" నేను సిగ్డీ వైపు చూశాను. ఆమె కూడా చూసింది. అరవలేదు. "నా చదువుతోనే నాకు దిష్టి తీశారా" అని మాత్రం అంది.

మిగిలిన మూడు రోజులూ నా చెవుల్లో ఉన్నవన్నీ అప్పజెప్పాను. లెక్కలు తెలుగులో చెప్పింది కనక చాలా గుర్తున్నాయి. హిందీవి పలుకు గుర్తుంది, అర్థం తెలీదు. సగం మాటలు నా నోట్లో విరిగిపోయాయి. పరీక్ష నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, "తోక లెక్క వచ్చింది వదినా, కలిపాను" అంది. మిగతావి చెప్పలేదు.

నాలుగు మార్కులు తక్కువొచ్చాయి.

ఇరవై ఏళ్లు బోగీలు కడిగింది. ముందు చేతులు పగిలాయి, తర్వాత మోకాళ్లు పోయాయి, ఆఖర్న దగ్గు పట్టుకుని వదల్లేదు. దిష్టి తియ్యకపోతే ఆ పని కూడా వచ్చేది కాదని మా అత్తగారు పోయేదాకా నమ్మారు. మూట ఉంటే ఆ నాలుగు మార్కులూ వచ్చేవా? ఎవరు చెప్తారు? ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత ఎవరినీ దిష్టి తియ్యనివ్వలేదు. నేను ఉప్పు పట్టుకుని నిలబడితే పక్క నుంచి వెళ్లిపోయేది. పోయినేడు చలికాలంలో పోయింది. తప్పు నాదని ఆమెతో ఒక్కసారైనా అనలేకపోయాను.

మనవరాలు తన తప్పులు మళ్లీ మొదట్నించి చూసుకుంటోంది. నేను కొంగుతో కళ్లు ఒత్తుకుంటే, ఏమైందని అడిగింది. ఏం చెప్పను? ఆ సాయంత్రం రాని మిరపకాయల ఘాటు నా కళ్లదాకా రావడానికి ఇన్నేళ్లు పట్టింది.