మునావర్ చాచా వోల్టేజి పరీక్ష

మునావర్ చాచా ఎవరింటికి వెళ్లినా ముందు కూర్చోడు. ముందు వోల్టేజి చూస్తాడు. చెప్పులు విప్పడం, మంచినీళ్లు తాగడం, మంచీ చెడూ మాట్లాడటం అన్నీ ఆ తర్వాతే. కోరుట్లలో ఆయన ఎదురుపడితే "బాగున్నవా చాచా?" అని అడిగినవాళ్లకు "రెండువందల పద్దెనిమిది" అని జవాబొస్తుంది. అంటే బాగున్నట్టే. "నూటడెబ్బై" అన్నాడంటే మాత్రం అడిగినవాళ్లు ఇంటికి పరుగెత్తి ఫ్రిజ్ ఆపుకోవాలి.

షార్జా నుంచి వచ్చినవాళ్లు అత్తరు సీసాలు, దుప్పట్లు తెస్తారు. పంతొమ్మిదేళ్లు అక్కడ ఎలక్ట్రీషియన్‌గా పనిచేసిన చాచా తెచ్చింది రెండు పెట్టెల సర్క్యూట్ సామాను. ఇప్పుడు ఇంటి ముందుగది నిండా అదే. తెల్లారి లేస్తే వోల్టేజి కొలిచే డబ్బాలు చేయడమే ఆయన సరదా.

"నిఖా అయినంక మా ఇంటికి మొదటిసారి అచ్చిండు. నా మొఖం చూడకముందే మా మీటరు చూసిండు" అని ఆయన భార్య రషీదాబీ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. ఆమె మిక్సీలో అల్లం, వెల్లుల్లి వేసి, మూత మీద చేయి పెట్టి "వెయ్యాల్నా?" అని కేకేస్తుంది. ముందుగదిలోంచి అంకె వినపడితేనే మిక్సీ తిరుగుతుంది. కరెంటు బాగాలేని రోజున ఆ ఇంట్లో కూరకు మసాలా ఉండదు.

ఒకసారి మెట్‌పల్లిలో ఓ పెళ్లికి వెళ్లాడు. వేదికెక్కి పెళ్లికొడుకు చేయి పట్టుకుని, చెవిలో "రెండువందల డెబ్బై, జాగ్రత్త" అన్నాడు. పెళ్లికొడుకు అదేదో ఆశీర్వాదం అనుకుని వంగి దండం పెట్టాడు. పావుగంటలో వేదిక మీది లైట్లు టపటపా పేలిపోయాయి. జనరేటర్ ఆపించింది కూడా చాచానే. ఆ తర్వాత ఆయన కుదురుగా కూర్చుని రెండుసార్లు బగారన్నం పెట్టించుకున్నాడు.

చాచా ఇంటి పక్క పోర్షన్‌లోకి సంగీత అద్దెకు దిగింది. జగిత్యాల పిల్ల, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. పదకొండేళ్లుగా కరెంటు పాఠం చెబుతున్న మనిషి. దిగిన మొదటి వారమే చాచా డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఆమెకు నవ్వొచ్చింది. చేతిలో మల్టీమీటరు ఉంటే చాలు కదా, ఇంత డబ్బా ఎందుకు?

ఎండాకాలంలో వోల్టేజి ఎగిరిపడి ఆమె ఫ్రిజ్ కాలింది. పట్టుదల వచ్చింది. తానే ఒక చిన్న బోర్డు తెచ్చుకుని, రెండు రెసిస్టర్లతో కరెంటును మూడు వోల్టులకు దించి, ఇంట్లో వోల్టేజి ఎంతుందో ఫోన్లో కనపడేలా చేసింది. పనిచేసింది కూడా. ఇక బోర్డును లాప్‌టాప్‌కు కలపడమే మిగిలింది. బోర్డు నుంచి వేలాడుతున్న యూఎస్‌బీ వైరు అందుకోబోతుండగా చాచా వచ్చాడు.

"ముట్టకు!"

ఆ కేకకు ఆమె చేయి గాల్లోనే ఆగింది.

"ఏమైంది చాచా? మూడు వోల్టులే గదా అచ్చేది?"

"మూడే. గని దేని మీద మూడు? నీ సాకెట్ల వైర్లు ఉల్టా ఉంటే?"

"ఎందుకుంటయి?"

చాచా జేబులోంచి టెస్టర్ తీసి, వైరు చివరి ఇనుముకు ఆనించాడు. టెస్టర్‌లో బుడ్డ లైటు ఎర్రగా వెలిగింది. ఇల్లు కట్టినప్పుడు ఎవరో ఫేజు, న్యూట్రల్ తారుమారు చేశారు. ఆమె పట్టుకోబోయిన ఇనుములో ఇంటి కరెంటంతా ఉంది. పదకొండేళ్ల పాఠం ఒక్కసారిగా అరచేతుల్లో చెమటగా దిగింది.

చాచా ప్లగ్గు పీకి, ఆమెకు నీళ్లిచ్చి, అప్పుడు పాఠం మొదలుపెట్టాడు.

"మా నిఖా చూసినవా బిడ్డా? పిల్ల లోపలి గదిల, పిలగాడు బయట. పిల్ల తరఫున మాట తెచ్చే వకీలు సాబ్ లోపలికి పోయి ఆమెను అడుగుతడు. 'కబూల్ హై', అంటే ఒప్పుకున్న, అన్నదని అచ్చి ఇవుతల చెప్తడు. మాట అచ్చింది, పిల్ల రాలే. నా డబ్బా గంతే. కరెంటు అటుదిక్కు చిన్న లైటు ముట్టిస్తది. ఇటుదిక్కు ఒక కన్ను గా లైటును చూస్తది. వోల్టేజి పెరిగితే లైటు ఎక్కువ, తగ్గితే తక్కువ. నడుమ వైరు లేదు. లెక్క దాటుతది, కరెంటు దాటదు."

సంగీత మరునాడే ఈ పాఠాన్ని క్లాసులో చెప్పింది. పిల్లలకు ఎంత బాగా అర్థమైందంటే, పరీక్షలో ముగ్గురు జవాబు చివర 'కబూల్ హై' అని రాశారు. ఆమె ముగ్గురికీ పూర్తి మార్కులు వేసింది.

అప్పటినుంచి చాచా అంటే ఆమెకు గౌరవం. అయినా ఒక సంగతి మాత్రం అర్థం కాలేదు. ఆయన అక్కడికీ ఇక్కడికీ స్కూటర్ మీద పోయి, ఎవరెవరినో బతిమాలి మరీ డబ్బాలు పెట్టి వస్తాడు. "జర నా మీద దయ చూడుండ్రి. పరీక్ష చేస్తున్న. మీ ఇంట్ల ఒక్క డబ్బా పెట్టుకోనియ్యుండ్రి" అని. ఇప్పటికి ఇరవైమూడు ఇళ్లు. ఇంత పరీక్ష దేనికి?

వానాకాలంలో చాచాకు చికున్‌గున్యా వచ్చి కీళ్లు పట్టేశాయి. సరిగ్గా అప్పుడే సిరిసిల్ల నుంచి సత్తవ్వ ఫోన్. ఆమె బట్టలు ఇస్త్రీ చేస్తుంది; చాచా డబ్బాల్లో ఒకటి ఆమె కొట్టులో ఉంది. చాచా అత్తగారిల్లు ఆ వీధిలోనే.

"నీ డబ్బా పాడైంది సాబ్! లెక్కలు అస్తలేవు, నా ఇస్త్రీపెట్టెకు కరెంటూ అస్తలేదు. అచ్చి తీస్కపో!"

చాచా మంచం మీద లేవబోయి మూలిగాడు. ఆదివారం అక్క ఇంటికి సిరిసిల్ల వెళ్తున్న సంగీత "నేను చూసస్త చాచా" అంది. ఆయన ఎందుకో కాసేపు తటపటాయించాడు. చివరికి "డబ్బా ఇప్పకు. ఊకె బయటినుంచి చూడు" అన్నాడు. లెక్చరర్‌కు ఆ మాట చెబితే ఆగుతుందా?

సత్తవ్వ కొట్టులో సంగీత డబ్బా మూత విప్పింది. వోల్టేజి కొలిచే సర్క్యూటు అగ్గిపెట్టెంత ఉంది. మిగతా చోటంతా ట్రిప్ స్విచ్చు. కరెంటు దారితప్పి ఇనుములోకో మనిషిలోకో పోతే, రెప్పపాటులో సరఫరా ఆపే రకం. దాని వెనకనుంచి కొత్త ఎర్తింగ్ తీగ గోడ దాటి పెరట్లోని గుంతలోకి దిగింది. ఇస్త్రీపెట్టె వైరు చూస్తే, పిడి దగ్గర తొడుగు కాలి, లోపలి రాగి తీగ ఇస్త్రీపెట్టె ఇనుముకు అంటుకుని ఉంది. డబ్బా పాడవలేదు. చేయాల్సిన పని చేసి ఊరుకుంది.

"గిది ఎప్పుడు బందయింది సత్తవ్వా?"

"నిన్న పొద్దుగాల. పెట్టె మీద చెయ్యి ఏసిన్నో లేదో టక్కుమన్నది. ఏం డబ్బనో ఏమో! గది పెట్టకముందు నా పెట్టె రోజు చేతికి జుమ్ముమనేది. ఎర్తింగ్ ఉట్టిగనే ఏపిస్తమని ఎవలో అచ్చిండ్రు. ఒకల సొమ్ము నాకెందుకని ఎల్లగొట్టిన. పాపం, గీ సాబు దండం పెట్టి అడిగితే జాగ ఇచ్చిన."

సంగీత ఇస్త్రీపెట్టె వైరు మార్చి, స్విచ్చు పైకెత్తింది. అంకె వెలిగింది. సత్తవ్వ టీ పోసింది.

తిరిగొచ్చి మంచం పక్కన కూర్చుని, "డబ్బా ఇప్పిన చాచా" అంది.

చాచా గోడవైపు చూశాడు. మొదటిసారిగా ఆయన దగ్గర చెప్పడానికి అంకె లేదు.

"ఇరవైమూడు ఇండ్లల్ల గంతేనా?"

"మంచి చేస్తనంటే ఎవ్వలు లోపలికి రానియ్యరు బిడ్డా. సాయం చెయ్యుండ్రి అంటే రానిస్తరు" అని గొణిగి, దిగులుగా అడిగాడు. "సత్తవ్వకు చెప్పినవా?"

"చెప్పలె. గని ఆమె నీకొక మాట చెప్పుమన్నది."

"ఏమని?"

"'గీ వయసుల పరీక్ష రాసుడంటే కష్టమే, ఎన్నేండ్లకు పాస్ అయితడో పాపం. రంది పెట్టుకోవద్దని చెప్పు. ఆయన పాసయ్యేదాక డబ్బా నేను తియ్య' అన్నది."

చాచా నవ్వాడు. కీళ్లు నొప్పెడుతున్నా పట్టలేక, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. ఆ నవ్వుకు వంటింట్లోంచి రషీదాబీ గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, జ్వరం తలకెక్కిందేమోనని.