ఓడోళ్లు చేతులెత్తండి

మా మామ పోయాడు. మామ అంటే మా ఆయన తండ్రి. 'పోయారు' అనలేదని కోస్తా వైపు వాళ్లు నొచ్చుకోవద్దు. మా సీమలో ఇంటి పెద్దను కూడా వచ్చాడు, పోయాడు అనే అంటాం, మర్యాద మనసులో ఉంటుంది. మంగళవారం పొద్దున ఆళ్లగడ్డలో మా ఇంటి వసారాలో పేపరు చదువుతూ కుర్చీలోనే పక్కకు ఒరిగాడు. నేను బడికి బయలుదేరుతూ చూశాను. డాక్టరు వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని చూసి, దాన్ని మెల్లగా ఆయన ఒళ్లోనే పెట్టేశాడు.

మా ఆయన చుట్టాలందరికీ కబురు పెట్టాడు. మామ ప్రతి ఆదివారం నంద్యాలకు పోయి కూర్చునే చర్చావేదిక వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాడు. మొదట దండాల బొమ్మలు వచ్చాయి. తర్వాత ఒకాయన "మన యుద్ధవిమానం స్వర్గానికి ఎగిరిపోయింది" అని రాశాడు. వెంటనే ఇంకొకాయన, వారు చివరికి ఓడ పక్షంలో చేరారు కాబట్టి "లంగరు వేసింది" అనడమే సబబని సవరించాడు. అప్పటికి మామను ఇంకా కుర్చీలోంచి చాప మీదికి దించలేదు. అక్కడ మాత్రం ఆయన విమానమా, ఓడా అని తగువు మొదలైంది. ఫోను తీసుకుపోయి బియ్యం డబ్బా మీద బోర్లా పెట్టాను. ఆ పెద్దమనుషులకు తెలియని మామ గురించి నాలుగు మాటలు రాయాలని అప్పుడే అనుకున్నాను.

మామ నేవీలో ఇంజను గదిలో పనిచేసినవాడు. ఆయన ఎక్కిన ఓడ ఇంగ్లండు వాడు ఏళ్ల తరబడి వాడుకుని, ఇక చాలనుకున్నాక మనకు అమ్మింది. దాని సంగతి ఎత్తితే మామ మూతి ఒక పక్కకు పోయేది. "తెల్లోడు ఇడిసిన చొక్కా తొడుక్కోని పెండ్లికి పోయినట్ల ఉండె మ్మా" అనేవాడు. ఆ ఇంజను మోతకు ఎడమ చెవి పోయింది. ఉద్యోగం అయిపోయాక, సముద్రం వాసన కూడా రాని ఆళ్లగడ్డకు వచ్చి స్థిరపడ్డాడు.

ఓడ దిగాడే గానీ ఓడ అలవాట్లు దిగలేదు. స్నానానికి బకెట్టు నీళ్లు పెడితే సగం మిగిల్చి, నన్ను పిలిచి మరీ చూపించేవాడు. కప్పులో కాఫీ మూడు వంతులకు మించి పోయనిచ్చేవాడు కాదు, ఓడ ఊగితే ఒలుకుతుందట. ఆళ్లగడ్డ ఎప్పుడు ఊగింది మామా అని అడిగితే, అలవాటు పోతే మళ్లీ రాదనేవాడు. ఇంటికొచ్చిన చుట్టాలకూ అదే కొలత. దాంతో ఫలానా వాళ్ల కోడలు పిసినారిదని నాకు పేరొచ్చింది, ఈనాటికీ మోస్తున్నాను. ఇంట్లో గ్యాసు సిలిండరును కూడా గోడ కొక్కేనికి తాడుతో కట్టేవాడు. కొత్త సిలిండరు తెచ్చే మనిషి ఆ ముడి విప్పలేక, మా గుమ్మం ఎక్కేటప్పుడే గొణగడం మొదలుపెట్టేవాడు.

ఇక ఆ చర్చావేదిక. నంద్యాలలో ఒక ఎరువుల అంగడి మీద హాలు, బేతంచెర్ల బండలు పరిచిన నేల, ప్లాస్టిక్ కుర్చీలు, దగ్గితే ఈ మూల నుంచి ఆ మూలకు వినపడే ఆ గదికి ఒక మైకు. సభ్యులందరూ రిటైరైన దొరలు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక్క కాగితం కదపని వాళ్లు రిటైరయ్యాక దేశాన్ని కదిలించాలని కూర్చుంటారు. మొదట్లో మన ఊళ్ల సంగతే మాట్లాడేవాళ్లు. ఒక ఆదివారం సంజామల వైపు కాలువ నీళ్ల దగ్గర మాట పెరిగి, కుర్చీ లేచి, ఒక పెద్దమనిషి నెత్తికి కుట్లు పడ్డాయి. అప్పుడు అధ్యక్షుడు, ఆయన కాలేజీ ప్రిన్సిపాలుగా చేసినాయన, బాగా ఆలోచించి ఎవరికీ చుట్టరికం లేని విషయం ఒకటి పట్టుకొచ్చాడు. బ్రిటన్ వాడి దగ్గర ఇదివరకటి దుడ్లు లేవట, కొత్త యుద్ధవిమానాలూ కొత్త యుద్ధనౌకలూ రెండూ కావాలట, రెంటికీ చాలదట. ఏది ఉంచుకోవాలి, ఏది మానుకోవాలి? ఇంగ్లీషు పేపర్లో చదివి వచ్చి ఆయన ఈ ప్రశ్న వేస్తే హాలంతా ఊపిరి పీల్చుకుంది. దీని మీద ఎవడూ ఎవడి తలా పగలగొట్టడు.

వాళ్ల లెక్క తప్పింది. సీమలో రెండు పక్షాలు ఏర్పడ్డాక అవి ఇంగ్లండు గురించా, ఇంటి గోడ గురించా అని ఎవరు చూస్తారు? విమానం వాళ్లు ఒక పక్క, ఓడ వాళ్లు ఒక పక్క కూర్చోవడం మొదలైంది. ఓడ పక్షానికి పెద్ద ఒక మాజీ తాసిల్దారు. జన్మానికి ఒక్కసారి రామేశ్వరంలో ప్యాంటు మడిచి సముద్రంలో నిలబడ్డాడు, అదీ చీలమండల దాకా. ఆ అనుభవంతో ప్రతి ఆదివారం సముద్రాన్ని ఏలినవాడే ప్రపంచాన్ని ఏలుతాడని చెప్పేవాడు. మనవడి చెవులు కుట్టిస్తే విమానం వాళ్లను ఒక్కరినీ పిలవలేదు. లండనులో మంత్రులు ఇంకా ఎటూ తేల్చుకోలేకపోతున్నారంటే, నంద్యాల తీర్మానం అందకపోవడమే కారణమని అధ్యక్షుడు నిజంగానే నమ్మేవాడనుకుంటాను.

విమానం పక్షానికి పెద్ద మా మామ. ఓడలో బతికినవాడు ఓడకు ఎదురు నిలిచాడని అందరికీ వింత. ఆయన మాటల్లో ఇంగ్లండు వాడికి కాసింత మర్యాద కూడా దక్కేది కాదు. విమానాలు దిగే పెద్ద ఓడలు రెండు కట్టుకుని, వాటి మీద నిలపడానికి సరిపడా విమానాలు లేక వెతుక్కుంటున్నాడని చదివి, "సంబంధం కుదరకముందే పందిరేసినాడు" అని నవ్వాడు. కొత్త విమానం ఒక్కడే చేసుకోలేక ఇటలీనీ జపానునూ తోడు పిలిచాడంటే, "అదైనా నయం, అడుక్కుంటే తప్పేముంది" అన్నాడు. ఇవన్నీ అయ్యాక ఆఖరున ఎప్పుడూ ఒకటే మాట చెప్పేవాడు. "ఇమానంలో పోయినోడు సాయంత్రానికి ఇంటికొస్తాడప్పా. రాకుంటే రాడు. రెండిట్లో ఏదో ఒకటి బేగా తెలిసిపోతాది." అదేం వాదమని తాసిల్దారు పగలబడి నవ్వేవాడు. నాకూ అది వాదంలా కనపడలేదు.

మా అమ్మాయి ఇంటరు అయ్యాక నేవీ పరీక్ష రాసింది. మాకు చెప్పకుండా రాసి, పాసయ్యాక చెప్పింది. దేహపరీక్షా అయిపోయింది. ఇక పోవడమా, మానడమా అన్నదే మిగిలింది. నాకు పంపాలనే ఉంది. ఆ పిల్ల కళ్లల్లో వెలుగు చూసిన తల్లి ఎవరైనా పంపుతుంది. మా ఆయన సంగతి చెప్పనక్కర్లేదు, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నా తండ్రి ముఖం చూసే మనిషి. నాయన ఏమంటే అది అన్నాడు. మా అమ్మాయి కూడా మొండిగా, జేజినాయన ఊ అంటేనే పోతాను, లేకుంటే పోను అని కూర్చుంది. మామ ఊ అనలేదు, ఊహూ అనలేదు. అన్నం తిని లేచిపోయేవాడు. ఆదివారం రాగానే నంద్యాల పోయి ఇంగ్లండు వాడికి మాత్రం సలహాలు ఇచ్చేవాడు. సొంత మనవరాలికి ఒక్క మాట చెప్పలేనివాడికి లండను గొడవ ఎందుకని నాకు ఒళ్లు మండేది.

జవాబు చెప్పాల్సిన గడువు దగ్గరపడింది. ఆ ఆదివారమే చర్చావేదికలో ఆఖరి చర్చ, చేతులెత్తి తేల్చుకోవడం. మామకు ఒంట్లో బాగుండక తోడుగా నేనూ మా అమ్మాయీ బస్సెక్కాం.

హాల్లో తాసిల్దారు లేచి చాలాసేపు మాట్లాడాడు. నడుమ మా అమ్మాయి వైపు చూసి, ఇంగ్లండు వాడి నౌకాదళం ఆడపిల్లల్ని ఎక్కించుకున్న నాటి నుంచే చెడిందని అన్నాడు. నవ్వారు. నేను లేవబోతే మామ నా చెయ్యి నొక్కాడు. మంచి చెవి అటువైపే ఉంది, ఆయనకు వినపడింది.

కరెంటు పోయే వేళైంది. అధ్యక్షుడు మామూలుగా 'యుద్ధనౌకా పక్షమునకు చెందిన సభ్యులు' అని పద్యం చదివినట్టు అనేవాడు. ఆ రోజు తొందరలో, మైకు గరగరలాడుతుంటే, మన మాటలోకి దిగి "ఓడోళ్లు చేతులెత్తండి" అన్నాడు.

ఒక్క చెయ్యీ లేవలేదు. ఓడోళ్లంటే ఓడ వాళ్లా, ఓడిన వాళ్లా? పైగా చేతులెత్తమంటున్నాడు. లెక్క పెట్టకముందే ఓడినట్టు చెప్పి చేతులెత్తేయమంటే సీమలో ఎవడు ఎత్తుతాడు? తాసిల్దారు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, ఎవురప్పా ఓడినోళ్లని నిలదీశాడు. అధ్యక్షుడు మళ్లీ అదే మాట ఇంకా గట్టిగా అన్నాడు. ఓడ పక్షమంతా బిగదీసుకుని కూర్చుంది. ఇంతమంది చదువుకున్నవాళ్లు చేతులు దాచుకుని కూర్చోవడం చూస్తే నాకు నవ్వు కూడా రాలేదు.

అప్పుడు విమానం వైపు నుంచి ఒక చెయ్యి లేచింది. మా మామది.

పాపం చెవుడు, సరిగ్గా వినపడలేదని పక్కాయన ఆ చెయ్యి దించబోయాడు. మామ విదిలించుకుని లేచి నిలబడ్డాడు.

"వినపడిందిలేప్పా. ఓడోన్నే నేను. ఎట్లనుకుంటారో అట్ల అనుకోండి" అన్నాడు. "మా నాయన పోయినప్పుడు నేను నీళ్ల మీదుంటి. ఒడ్డుకొచ్చినాక చెప్పినారు. అప్పటికి పెద్దదినం గూడా అయిపాయె. రేపు నేను పోయేటప్పుడు ఈ పిల్ల నీళ్ల మీదుంటాదని నా భయం. దానికే ఇన్నాళ్లూ ఇమానం ఇమానమని అరిస్తాంటి. దీంట్లో ఇంగ్లండూ లేదు, పాడూ లేదు."

తర్వాత మనవరాలి వైపు తిరిగాడు. "నువ్వు పో మ్మా. నేను పోయేటప్పుడు నీకోసం ఆగేది నా చేతిలో లేదు. నువ్వు నాకోసం ఆగొద్దు."

మా అమ్మాయి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చేతులెత్తడమంటే చావుతో సమానమని అనుకునే ఆ మనుషుల నడుమ, తనను అడగకుండానే చెయ్యెత్తినవాడు మా మామ ఒక్కడే. అప్పటిదాకా ఆయన మీద పెట్టుకున్న కోపమంతా అక్కడే ఇంకిపోయింది. తాసిల్దారు మాత్రం ఆ ఓటు చెల్లుతుందా, చెల్లదా అని అడిగాడు. చెల్లుతుందని అధ్యక్షుడు తీర్పు చెప్పి, ఓడలకు ఒక్క ఓటే వచ్చింది కాబట్టి ఇంగ్లండు వాడు విమానాలే కట్టుకోవాలని తీర్మానించాడు. బ్రిటన్ భవిష్యత్తు ఆ రోజు నంద్యాలలో అలా తేలింది.

మా అమ్మాయి శిక్షణకు ఒడిశా పోయింది. మామ పోయిన మంగళవారం ఆమెకు కబురు అందేసరికి సాయంత్రం. సెలవు తీసుకుని, రైళ్లు మారి ఇల్లు చేరేసరికి ఇక్కడ మూడోనాటి చిన్నదినం జరుగుతోంది. ఆయన భయపడిందే అయింది, నీళ్ల మీద కాకపోయినా. పిల్ల వచ్చి వసారాలో ఆ కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. ఎంత పిలిచినా లోపలికి రాలేదు.

చర్చావేదిక వాళ్లు సంతాపసభ పెడితే పోయాను. మౌనం పాటించమని ఆ మౌనంలోనే గొంతు సవరించుకున్నారు. తర్వాత మామ ఫోటో విమానం వాళ్లు కూర్చునే వైపు గోడకు పెట్టాలా, ఓడ వాళ్ల వైపు పెట్టాలా అని మొదలైంది. ఒకాయన లేచి చర్చకు నియమాలు చదివాడు. ఆయన ఫోటో మా ఇంట్లో ఉంటుందని, మీ గోడకు మేకు దండగని చెప్పి వచ్చేశాను.

నాకు మిగిలింది వేరే ఉంది. మా అమ్మాయి శిక్షణకు పోయిననాడు, పంపడానికి మధ్యాహ్నం ముగ్గురం నంద్యాల స్టేషనుకు పోయాం, మా ఆయన, మామ, నేను. రైలు కదిలింది. పిల్ల తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. మా ఆయన కొంతదూరం రైలు వెంట నడిచాడు. మామ నడవలేదు, చెయ్యీ ఊపలేదు. కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, వీపు నిటారుగా నిలిపి నిలబడ్డాడు. రైలు మలుపు తిరిగి కనపడకుండా పోయింది. టీ అమ్మేవాళ్లు వెనక్కి మళ్లారు.

"రా మామా, పోదాం. రైలు పోయింది" అన్నాను.

"ఇంకా కనపడతాండాది" అన్నాడు.

అటువైపు ఎండలో మెరిసే పట్టాలు తప్ప ఏమీ లేదు. ఆ మాటే చెప్పాను.

"ఓడ బేగా పోదు మ్మా. శానాసేపు కనపడతాది. కనపడినంతసేపూ ఒడ్డున మనిషి నిలబడుకోవాల."

నేనూ ఆయన పక్కన నిలబడి, ఏమీ లేని పట్టాల వైపు చూశాను. ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. ఊడ్చే ఆమె వచ్చి మమ్మల్ని జరగమనబోయి, ఆయన ముఖం చూసి, మా కాళ్ల చుట్టూ ఊడ్చుకుంటూ ముందుకు పోయింది.